ప్రస్థానం సంచి

శంషాబాదు విమానాశ్రయం ముందర నిలబడి, విమానం ఆలస్యమైనందుకు ఆ పూట దండం పెట్టుకున్నవాడు మాసయ్య ఒక్కడే అయివుంటాడు. అంతకు పావుగంట ముందు మాత్రం అతనూ అందరిలాగే ఉసూరుమన్నాడు.

తొమ్మిదిన్నరకు కారు దిగారు. కారు విజయ్‌ది. ఇటిక్యాలలో కిరాయికి నడుపుతాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మాసయ్యకు మేనల్లుడి వరస. సామాను దింపుతుండగానే అర్చన ఫోను టింగుమంది.

"తాతా, మన ఫ్లైట్ లేటంట. గౌహతిల మంచు పట్టిందంట. పదకొండు నలభైకి పోయేది నాలుగు ఇరవైకి పోతదంట."

"బస్సు పంచరై ఆగితే తెల్సు నాకు," అన్నాడు మాసయ్య. "మంచుకు భయపడి ఆగే బండిని ఇప్పుడే చూస్తున్న."

అతను ముప్పయ్యేళ్ళు వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల బస్టాండ్లలో కంట్రోలరుగా పనిచేశాడు. బి.ఏ. పాసై కండక్టరుగా చేరి, చివరికి ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పే కిటికీ వెనక కూర్చున్నాడు. ఆలస్యమంటే అతనికి పాత చుట్టం. భార్య పార్వతమ్మ ఉన్నన్నాళ్ళూ, రాత్రి భోజనాల దగ్గర అతను ఆలస్యాల లెక్కలు చెబుతుంటే, "పోనీలే, బస్సు రాకుంటే రాకపాయె, ఎక్కెటోళ్లకు జర నీడ దొరికిందనుకో" అనేది. ఆమె పోయి నాలుగేళ్ళు. ఎక్కడ ఆగిపోవాల్సి వచ్చినా అతను ముందు నీడ వెతుకుతాడు.

అర్చనకు పదిహేడేళ్ళు. మాసయ్య అక్క బాలనాగమ్మకు మనవరాలు. తల్లీ తండ్రీ పుణెలో బిల్డింగు పనుల మీద ఉంటే అవ్వ దగ్గర ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. పదిహేను వందల మీటర్ల పరుగు ఆమెది. రాష్ట్ర జట్టు నాలుగు రోజుల కిందట రైలెక్కి గౌహతి వెళ్ళిపోయింది. అర్చన పేరు జాబితా కింద, ఎవరైనా తప్పుకుంటే పిలుస్తామన్న వరుసలో ఉంది. ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. ఒకమ్మాయికి చీలమండ బెణికింది, మంగళవారం రాత్రికి ఇక్కడుండాలి, టికెట్లు పంపుతున్నాం, తోడుగా ఒకరు రావచ్చు అని. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్ల నేల మీద సరిగా నడవలేదు, ఎగురుతూనే ఉంది. తోడు తాతే అని అదే పట్టుబట్టింది. సాయంత్రాలు కాలువ కట్ట మీద ఆమె పరిగెత్తినప్పుడల్లా స్టాప్‌వాచీ పట్టుకున్నది మాసయ్యే మరి.

"మస్తు టైముంది గద," అంది అర్చన. "కాయితాలొకపారి సదురుకుంట. నీలం సంచి ఇయ్యి తాతా."

"నా దగ్గరేడుంది? నువ్వు పట్టుకుంటివి గద."

"నేనా? శాంతమ్మ పెద్దమ్మ కార్ల పెట్టిందనుకున్న."

ఇద్దరూ విజయ్ వైపు చూశారు. విజయ్ రెండు చేతులూ చూపించాడు. "నాకు సూట్‌కేసు ఇచ్చిన్రు, రొట్టెల డబ్బా ఇచ్చిన్రు. అవే ఎక్కించిన. నీలంది నేను చూడనే లేదు మామా."

సంచి ఎక్కడుందో ముగ్గురికీ ఒక్కసారే తట్టింది. ఇటిక్యాలలో, వాళ్ళింటికి ఎదురుగా, శాంతమ్మ ఇంట్లో, దేవుడి గూటి కింద.

అది ప్రస్థానం పెట్టిన సంచి. మంగళవారం ఉత్తరం దిక్కుకు బయలుదేరకూడదని బాలనాగమ్మ పట్టు. శూల ఎదురవుతుందట. విమానం మంగళవారమే ఉందంటే వినలేదు. దానికి పెద్దలు చెప్పిన దారి ఒకటుంది. ముందు రోజే మంచి గడియ చూసి, ప్రయాణం సామాన్లలో ఒకదాన్ని తీసుకెళ్ళి మరొకరి ఇంట్లో పెడితే, ఆ గడియకే బయలుదేరినట్టు లెక్క. మర్నాడు పోతూ పోతూ దాన్ని తీసుకుంటే చాలు. "ఉత్త బట్టలు పెడితే గాదు, ఏ పని మీద పోతున్నవో ఆ పని సామాను పెట్టాలె," అంది బాలనాగమ్మ. అందుకని అర్చన పుట్టిన తేదీ పత్రం, పదో తరగతి మెమో, కాలేజీ వాళ్ళిచ్చిన ఫారం, మేకుల బూట్లు, అన్నీ నీలం సంచిలోకి చేరాయి. పసుపు రాసిన బియ్యం మూట పైన పెట్టారు. సోమవారం సాయంత్రం అర్చనే వెళ్ళి శాంతమ్మ ఇంట్లో పెట్టివచ్చింది. "ఊర్ల ఇంకెవరి ఇల్లూ దొరకలేదా" అని అవ్వ గొణిగింది. అర్చన వినలేదు.

పుణ్యం కొద్దీ ఆధార్ కార్డూ, టికెట్లూ మాసయ్య జేబులో ఉన్నాయి. అర్చన గౌహతిలో ఉన్న కోచ్‌కు ఫోను చేసింది. రేపు తొమ్మిదింటికి పరిశీలన, అసలు కాగితాలు చేతిలో లేనివాళ్ళను గీత దగ్గరికి కూడా రానివ్వరు, ఫోనులో ఫోటోలు పనికిరావు అని ఆమె చెప్పింది. అర్చన "సరే మేడం" అని ఫోను పెట్టేసి, సూట్‌కేసు మీద కూర్చుంది. అంతసేపూ ఎగిరిన పిల్ల ఒక్కసారిగా బరువెక్కింది.

అప్పుడు పెట్టుకున్నాడు దండం మాసయ్య.

"నాలుగు ఇరవై అన్నరు గద," అన్నాడు. "మనకు మంచు కురిపించి మరీ టైమిచ్చిన్రు బిడ్డ. లే. బెంగటిల్లుడు తర్వాత. ముందు సంచి తెప్పిద్దం."

ఫోను ఒక్క మోతకే ఎత్తింది శాంతమ్మ.

"శాంతమ్మా, నీలం సంచి..."

"నా ఒళ్ళనే ఉన్నదన్నా. ఆరింటి సంది హైవే మీద ఎర్రవల్లి చౌరస్తల కూసున్న. ఎటు రావాల్నో తెల్వక, మీ ఫోన్ కోసం చూస్తున్న."

మాసయ్య గడియారం చూసుకున్నాడు. "ఆరింటి సందా? మరి ఫోన్ చేయొద్దా తల్లీ?"

"ఎట్ల జేస్త? పయనమై పోయేటోళ్లను ఎన్కకు పిలవొచ్చునా? ఫోనైనా పిలుపే గద. మీరే చేస్తరని కూసున్న."

"పొద్దున మేం కారెక్కేటప్పుడైనా ఇయ్యకపోతివి?"

"తలుపెన్క నిలబడ్డనన్నా, సంచి పట్టుకొని. మీరు వచ్చి తీసుకుంటరనుకున్న. నేను బయటికొస్తే పిల్లకు ఎదురైత గదా." అంది శాంతమ్మ. "బండి కదిలినంక వచ్చిన. అప్పటికే మలుపు తిరిగిన్రు."

శాంతమ్మ భర్త పోయి పదకొండేళ్ళు. విత్తనాల కోసం పెంచే పత్తి చేలలో పూలు దాటించే కూలికి పోతుంది. సాయంత్రం మొగ్గ ఒలిచి, మర్నాడు పొద్దున మగపువ్వు రుద్దే పని అది. చేనికి పోయేముందు, చీకటితో, చేతిలో లైటు పట్టుకుని కాలువ కట్ట మీద కూర్చునేది. ఒంటరిగా పరిగెత్తే ఆడపిల్లకు ఒక మనిషి తోడుండాలని. రెండేళ్ళుగా అర్చన ప్రతి పొద్దూ ఆ లైటు వైపే పరిగెత్తింది. ఇవాళ పొద్దున ఆ మనిషి తలుపు వెనక నిలబడితే తను ముందు సీట్లో కూర్చుని నీళ్ళ సీసా మూత సరిచేసుకుంటున్నానని మాసయ్యకు గుర్తొచ్చింది. చెంప మీద ఎవరో మెల్లగా తట్టినట్టయింది.

"ఏదన్న బస్సు డ్రైవరుకు ఇస్తే తెచ్చిస్తడు శాంతమ్మా. నువ్వు ఇంటికి పో."

"ఎవ్వరికియ్యను. నా ఇంట్ల పెట్టిన సంచి, నేనే తెస్త. యాడ దిగాల్నో చెప్పు."

మాసయ్య లోపలి కంట్రోలరు లేచి కూర్చున్నాడు. టికెట్ల కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. గద్వాల నుంచి హైదరాబాదు పోయే ఎక్స్‌ప్రెస్ పది పదికి ఎర్రవల్లిలో ఆగుతుంది. మధ్యలో పాలమూరు ఊళ్ళోకి పోయి వస్తుంది కాబట్టి శంషాబాదుకు రెండూ పావు. అక్కడ విజయ్ కారుతో ఉంటాడు. రెండున్నరకు సంచి ఇక్కడ. నాలుగు ఇరవై విమానానికి కౌంటరు మూడు ఇరవై దాకా తెరిచే ఉంటుంది. దండిగా సమయం.

"ఆధార్ కార్డున్నదా?"

"ఉన్నది. చూపిస్తే ఆడోళ్ల దగ్గర టికెట్ పైసలు తీసుకోరంట గద. ఇన్నేండ్లకు నాకొక కార్డు పనికొస్తున్నది," అంది శాంతమ్మ. పాలమూరు దాటి ఆమె ఎన్నడూ రాలేదు.

పది పన్నెండుకు బస్సెక్కినట్టు మాసయ్యే ఫోను చేసి తెలుసుకున్నాడు. ఇక చేయగలిగింది లేదు. బయట మెట్ల పక్కన చెట్టు నీడన రొట్టెల డబ్బా విప్పారు. జొన్న రొట్టె, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. సూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు వాసనకు తల తిప్పి చూసి, ఒకాయన నవ్వుతూ చేయి చాపితే విజయ్ ఒక రొట్టె ముక్క తుంచి ఇచ్చాడు. తర్వాత పిట్టగోడ దగ్గర నిలబడి లేచే విమానాలను చూశారు. అర్చన వాటిని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"గంత బరువు ఎట్ల లేస్తది తాతా?"

"నువ్వు ఆఖరి రౌండ్ల ఎట్ల లేస్తవో గట్లనే. ముందు నేల మీద గట్టిగ ఉరకాలె."

ఒక్కో విమానం పరుగు మొదలుపెట్టగానే మాసయ్య స్టాప్‌వాచీ నొక్కాడు. ముప్పై రెండు సెకన్లు. ముప్పై ఐదు. "ఈ ఎర్రతోకది బద్ధకస్తురాలు," అంది అర్చన. నాలుగోది లేచేసరికి ఇద్దరూ పందెం కాస్తున్నారు. ఆ పిల్ల మడమలు మళ్ళీ నేలను వదిలి లేస్తున్నాయి. ఇంత తీరిక దొరకకపోతే ఈ పొద్దును తాము చూసేవాళ్ళమే కాదని మాసయ్య అనుకుంటుండగానే ఫోను మళ్ళీ టింగుమంది.

అర్చన చదివి, ఇంకోసారి చదివింది. "తాతా. మంచు పోయిందంట. రెండు యాభైకే పోతదంట."

అంటే కౌంటరు ఒంటిగంటా యాభైకి మూస్తారు. సంచి వచ్చేది రెండున్నరకు.

మాసయ్య కాగితం మీద తన లెక్కలన్నీ అడ్డంగా కొట్టేశాడు. పదకొండూ ఇరవై. శాంతమ్మ బస్సు ఇప్పుడు కొత్తకోట దగ్గర ఉంటుంది. భూత్పూర్ చౌరస్తాలో ఎడమకు తిరిగి పాలమూరులోకి పోతే ముప్పావుగంట మాయం. ఊళ్ళోకి పోకుండా నేరుగా హైవే పట్టే బస్సు కావాలి. నాగర్‌కర్నూలు నుంచి బిజినేపల్లి మీదుగా వచ్చేది ఒకటుంది, పన్నెండుకు అటూ ఇటూ భూత్పూర్ తాకుతుంది. దాని కండక్టరు జితేందర్ ఒకప్పుడు మాసయ్య కిటికీ దగ్గర పని నేర్చుకున్నవాడు.

"సార్, బాగున్నరా? శానా దినాలాయె," అన్నాడు జితేందర్.

"బాగోగులు తర్వాత జితేందర్. యాడున్నవు?"

"బిజినేపల్లి దాటిన."

"భూత్పూర్ చౌరస్తల ఒకామె ఉంటది. చేతుల నీలం సంచి. ఆమెను ఎక్కించుకోవాలె. జర ముందెన్క అయితే ఒక్క నిమిషం ఆపు. ఆ సంచిల మా పిల్ల పరుగున్నది."

జితేందర్ ఏమీ అడగలేదు. "ఎక్కిస్త సార్."

తర్వాత శాంతమ్మకు చెప్పాడు. భూత్పూర్‌లో దిగు, రోడ్డు దాటు, నాగర్‌కర్నూలు బోర్డు చూడు అని. ఆమె "బోర్డు నాకేం తెల్సన్నా, మనిషిని అడుగుత" అంది. అంతే, ఆ తర్వాత ఫోను కలవలేదు. పన్నెండయింది. పన్నెండూ ఐదు. మాసయ్య పెన్నును కాగితానికి గుచ్చుతూ కూర్చున్నాడు. అర్చన గోరు కొరుకుతోంది. పన్నెండూ తొమ్మిదికి జితేందర్ నుంచి ఫోను.

"సార్, ఒకామె నీలం సంచి పొట్టకు గట్టిగ పట్టుకొని బస్సుకు అడ్డం నిలబడ్డది. డ్రైవర్ హారన్ గొట్టినా జరుగుతలేదు. మీ మనిషేనా?"

"మా మనిషే," అన్నాడు మాసయ్య. అర్చన పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కూడా నవ్వింది.

"ముందల సీట్ల కూసోబెట్టిన సార్. బస్సుల అందరికీ కథ చెప్పేసింది. జడ్చర్లల ఎక్కెటోళ్లను వీళ్ళే తొందర పెడ్తరు చూడుండ్రి."

విజయ్ శంషాబాదు వెళ్ళి బస్సులు ఆగేచోట నిలబడ్డాడు. ఒంటిగంటా ముప్పై ఒకటికి మెసేజ్ పెట్టాడు. దొరికింది, వస్తున్నం అని. మాసయ్య లోపలికి పోయే గేటు దగ్గర సూట్‌కేసు పెట్టి, ఎత్తైన రోడ్డు అంచున పిట్టగోడకు ఆనుకుని కిందికి చూశాడు. ఒంటిగంటా నలభైకి విజయ్ కారు కింద మలుపులో కనిపించింది. కనిపించి, ఆగిపోయింది. దాని ముందు పైదాకా కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"తాతా, సూట్‌కేసు చూసుకో," అంది అర్చన.

"ఏయ్, ఎల్లుండి పందెం పెట్టుకొని..." అనేలోపే ఆమె లేదు. మాసయ్య వేలు అలవాటుగా స్టాప్‌వాచీ నొక్కేసింది.

కార్ల పక్కన సన్నటి కాలిబాట మీద పోతోంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, తల కదలకుండా. కారు అద్దాలు దించి కొందరు చూస్తున్నారు. కింద శాంతమ్మ అప్పటికే దిగి, సంచి రొమ్ముకు హత్తుకుని పైకి నడిచి వస్తోంది. పిల్ల ఎదురుగా వస్తున్నది చూసింది. చూసి, చటుక్కున పక్కకు తిరిగింది. ముఖం గోడ వైపు పెట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, సంచి ఉన్న చేయి ఒక్కటే దారిలోకి చాపి నిలబడింది, తీసుకుని పో అన్నట్టు.

మాసయ్య వాచీ ఆపాడు. నిమిషం యాభై రెండు.

అర్చన సంచి తీసుకోలేదు. గోడకూ శాంతమ్మకూ మధ్యకు దూరి, ఆమె భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఏం మాట్లాడుకున్నారో పైకి వినబడలేదు. శాంతమ్మ తల అడ్డంగా ఊపుతోంది. ఒంటిగంటా నలభై మూడు. "పిల్లా, రా," అని మాసయ్య తనలో తనే అనుకున్నాడు. అరిస్తే వినబడేదేమో. అతనికీ వెనక నుంచి పిలవబుద్ధి కాలేదు.

అప్పుడు ఇద్దరూ కదిలారు. సంచి అర్చన భుజానికి, శాంతమ్మ చేయి అర్చన చేతిలో. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి శాంతమ్మ కూడా పరిగెత్తుతోంది. ఎవరో కారులోంచి చప్పట్లు కొట్టారు. పైకి వచ్చేసరికి ఒంటిగంటా నలభై ఆరు.

"ఇద్దరిట్ల వస్తే ఆలస్యం గాదా?" అన్నాడు మాసయ్య.

"పెద్దమ్మ ఎదురు రాకుంటే నేను లోపలికి పోను," అంది అర్చన రొప్పుతూ.

"పిచ్చి పిల్ల," శాంతమ్మ అతని వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పన్నా. నా అసొంటి మనిషి ఎదురైతే ఏం మంచిది? సంచి చేరింది, చాలు."

మాసయ్య సూట్‌కేసు పిడి పట్టుకుని నిలబడ్డాడు. "శాంతమ్మా, పార్వతమ్మ పోయి నాలుగేండ్లు. పొద్దున నన్ను కార్ల ముందు సీట్ల కూసోబెట్టిన్రు. నన్ను ఎవ్వరన్న తలుపెన్క ఉండుమన్నరా?"

శాంతమ్మ అతన్ని చూసింది. చెమట తుడుచుకుంది. గేటు దాకా నడిచి, అక్కడ తుపాకీ పట్టుకున్న జవాను పక్కన వెనక్కి తిరిగి, వాళ్ళకు ఎదురుగా పది అడుగులు నడిచి వచ్చింది. కొత్తగా నడక నేర్చినట్టు, అడుగు తరువాత అడుగు. జవాను ఏమీ అర్థం కాక చూశాడు. అర్చన వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి, లేచి, పరుగందుకుంది.

కౌంటరులో అమ్మాయి గడియారం చూసి, వాళ్ళను చూసి, ఒక్క క్షణం ఆగి సూట్‌కేసు బెల్టు మీద పెట్టమంది. మేకుల బూట్లు అందులోకి పోయాయి. కాగితాలు అర్చన చేతిలో ఉన్నాయి. తనిఖీ దాటి, గాజు గోడల పక్క కుర్చీల్లో కూలబడ్డాక గానీ ఇద్దరూ సరిగా ఊపిరి తీసుకోలేదు. పసుపు బియ్యం మూట నలిగి, కాగితాల అంచులకు పసుపు అంటింది. పుట్టిన తేదీ పత్రం మీద అంకెలు మాత్రం చక్కగా కనబడుతున్నాయి.

విమానం ఎక్కమని పిలిచారు. వరసలో నిలబడి ఉండగా మాసయ్య ఫోను మోగింది. శాంతమ్మ. ఆ రోజు ఆమె తనంతట తాను చేసిన మొదటి ఫోను.

"అన్నా, పిల్లకియ్యి."

అర్చన చెవికి పెట్టుకుంది. మాసయ్యకూ వినబడుతూనే ఉంది.

"ఎన్కకు పిలుస్తున్న బిడ్డ, ఏమనుకోకు. ఎండల గంత ఉరికినవు. నీళ్ళు తాగినవా?"

అర్చన వరసలోంచి పక్కకు జరిగి, తాము వచ్చిన దారి వైపు పూర్తిగా వెనక్కి తిరిగింది. సీసా మూత తీసి గటగటా తాగింది.

"తాగుతున్న పెద్దమ్మా," అంది. "ఇగో, తాగుతున్న."